మార్గము మార్చుకొనవలసిన వేళ

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ఉపన్యాసము)



ఇరువది యైదేండ్లు నిండిన సంస్థకు ఉత్సవము చేయుట ఉచితము. పందిళ్లు వేయుట, తోరణములు కట్టుట, సేవ చేసినవారిని స్మరించుట, ఇవన్నియు జరుగవలసినవే. కాని ఇట్టి ఉత్సవమునకు మఱియొక ప్రయోజనము కూడ కలదు. దూరపు బాటసారి చెట్టు నీడను మూట దింపి వచ్చిన దారిని ఒక్కమాఱు వెనుదిరిగి చూచును. పిదప పోవలసిన దారి వంక చూచును. ఈ దారి తాను చేరదలచిన ఊరికే పోవుచున్నదా యని ఆ సమయముననే ఆలోచించును. నడచుచున్నంతసేపు ఆ ఆలోచనకు తావుండదు. రజతోత్సవము సంస్థకు అట్టి చెట్టు నీడ. కావున మనుజుడు తన జీవితమునందు, తాను చేయు పనియందు, మార్గము మార్చుకొనవలసిన వేళను ఎట్లు గుర్తింపవలెనను విషయము నేటి ఉపన్యాసమునకు గ్రహింపబడినది.

ఈ విషయమున లోకము రెండు విధములుగ బోధించును. పట్టిన పట్టు విడువరాదని పెద్దలు చెప్పుదురు. ఆ పెద్దలే మఱియొకనాడు, తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లని వాదించువానిని చూచి నవ్వుదురు. పట్టు విడువనివాడు ఒకచో ధీరుడు, మఱియొకచో మూర్ఖుడు అగుచున్నాడు. మార్గము మార్చినవాడు ఒకచో వివేకి, మఱియొకచో చపలచిత్తుడు అగుచున్నాడు. ఈ భేదము ఎక్కడ నున్నది?

మెట్ట చేనిలో నుయ్యి త్రవ్వించుచున్న రైతును తలచుకొందము. ఇరువది మూరలు దిగిన పిదప రాతిపలక తగిలినది. కూలీలు గడ్డపారలు ప్రక్కన బెట్టి రైతు ముఖము వంక చూచుచున్నారు. ఇప్పుడేమి చేయవలెను? ఆపినచో ఇంతవరకు పెట్టిన ఖర్చు వ్యర్థమగునని రైతు భయపడును. ఆ భయము సహజమే. కాని చిట్టాలో ఖర్చుగా వ్రాయబడిన పద్దు, దానిపై ఇంకొక పద్దు ఖర్చు వ్రాసినంతమాత్రమున జమకు రాదు. పోయిన సొమ్ము పోయినదే. ఇక పెట్టబోవు సొమ్మునకు ఫలముండునా లేదా యనునదే నేటి ప్రశ్న.

అట్లని రాయి తగిలిన ప్రతిచోటను నూతిని విడిచిపెట్టువాడు ఏమగును? ఇక్కడ పది మూరలు, అక్కడ పది మూరలు త్రవ్వి, చేనినంతయు గోతులు చేసికొని, దప్పికతోనే మిగిలిపోవును. వివేకియైన రైతు రాతిని చూచి నిర్ణయము చేయడు. చుట్టుపట్ల చేలలో నీరు ఎంత లోతున పడినదో విచారించును. నేల వాలు ఎటున్నదో చూచును. పైకి వచ్చు మట్టియందు చెమ్మ కలదా యని చేతబట్టి నలిపి చూచును. ఊట ఉన్నదని తోచినచో రాతిని పగులగొట్టించును. ఊట లేదని తేలినచో రాయి తగులకున్నను పని నిలుపును. రాయి తగులుట వేఱు, ఊట లేకుండుట వేఱు. మొదటిది శ్రమ; రెండవది నిష్ఫలత. శ్రమను చూచి మార్గము మార్చువాడు చపలుడు. నిష్ఫలతను చూచియు మార్చనివాడు మూర్ఖుడు. ఈ రెంటికిని గల భేదమును మహాకావ్యములందును, మన పూర్వుల చరిత్రలందును పరిశీలింతము.

మహాభారతమున భీష్ముని ప్రతిజ్ఞ అందఱెఱిగినదే. తండ్రియైన శంతనుని కోరిక తీర్చుటకును, సత్యవతికి కలుగబోవు సంతానమునకు రాజ్యము నిరాటంకముగ దక్కుటకును, దేవవ్రతుడు రాజ్యమును, వివాహమును వదలుకొనెను. అంతటి త్యాగము మఱియొకటి లేదు. కాలము గడచెను. చిత్రాంగదుడు గంధర్వుని చేత మడిసెను. విచిత్రవీర్యుడు సంతానము లేకయే మరణించెను. ఎవరి సంతతికొఱకు ఆ ప్రతిజ్ఞ జరిగెనో ఆ సత్యవతియే, వంశము నిలుపుమని, రాజ్యము గైకొనుమని భీష్ముని బతిమాలెను. ప్రతిజ్ఞ వలన మేలు పొందవలసిన వారే దానిని సడలింపుమని కోరిరి. భీష్ముడు అంగీకరింపలేదు. ప్రతిజ్ఞ నిలిచినది, దేనికొఱకు ప్రతిజ్ఞ పుట్టెనో ఆ వంశక్షేమము మాత్రము నిలువలేదు. ద్రౌపదిని సభకు ఈడ్చి తెచ్చిన దినమున ఆ మహావీరుడు ధర్మము సూక్ష్మమైనదని పలికి ఊరకుండవలసి వచ్చెను.

సత్యవ్రతుడైన భీష్ముని నిందింపవచ్చునా యని ఈ సభలోని పెద్దలకు సందేహము కలుగవచ్చును. నింద కాదు. ఆ పితామహుని యెదుటనే వ్యాసుడు మఱియొకరిని నిలిపినాడు. యుద్ధమున ఆయుధము పట్టనని పలికిన శ్రీకృష్ణుడు, భీష్ముని బాణములకు పాండవసైన్యము నలిగిపోవుచుండగా, రథము నుండి దుమికి చక్రము చేతబట్టి ఆయనపైకి పరుగెత్తెను. అర్జునుడు పాదములు పట్టి నిలుపవలసి వచ్చెను. ప్రతిజ్ఞను కాపాడి ప్రయోజనమును కోల్పోయినవాడొకడు, ప్రయోజనమునకై ప్రతిజ్ఞను సైతము ప్రక్కన బెట్ట సిద్ధపడినవాడొకడు. ఇద్దఱును ఒకే రణభూమిపై ఎదురెదురుగ నిలిచిరి. తనపైకి వచ్చుచున్న ఆ స్వామికి భీష్ముడు చేతులు జోడించి స్వాగతము పలికెనని గ్రంథము చెప్పుచున్నది. ఆ నమస్కారమునందు ఎంత అర్థమున్నదో చదువరులు ఆలోచింతురుగాక.

ఆ భారతమును తెనిగించిన తిక్కన సోమయాజి జీవితమునందును మార్గపరివర్తనము కలదు. ఆయన తొలుత నిర్వచనోత్తర రామాయణమును రచించి మనుమసిద్ధి రాజునకు అంకితమిచ్చెను. నిర్వచనమనగా నడుమ వచనమనునదే లేకుండ కేవలము పద్యములతో నడచునది. అది ఒక నియమము, ఒక నేర్పు. కాని భారతమున పదునైదు పర్వములను తెనిగింపబూనినప్పుడు ఆ నియమమును ఆయన వెంటబెట్టుకొని రాలేదు. పద్యముతో పాటు వచనమునకును చోటిచ్చెను. అంకితము సైతము రాజునకు గాక హరిహరనాథునకు ఇచ్చెను. పనికి తగిన పనిముట్టును ఎన్నుకొనుటయే గాని, వెనుకటి పనిముట్టుపై మమకారము ఆయనకు అడ్డు రాలేదు.

గద్య తిక్కన యని పేరొందిన కందుకూరి వీరేశలింగము పంతులు జీవితమున ఈ విషయము ఇంకను స్పష్టముగ గోచరించును. ఆయన 1848 ఏప్రిల్ 16న రాజమహేంద్రవరమున జన్మించెను. నాలుగేండ్ల ప్రాయమున తండ్రిని కోల్పోయెను. ఉపాధ్యాయ వృత్తిని అవలంబించెను. యౌవనమున ఆయన కవిత్వము ఆనాటి పండితుల బాటనే నడచినది. శుద్ధాంధ్ర నిరోష్ఠ్య నిర్వచన నైషధమను కావ్యమును ఆయన వ్రాసెను. శుద్ధాంధ్రమనగా సంస్కృతసమములు లేనిది. నిరోష్ఠ్యమనగా పెదవులు తగిలి పలుకు ప, ఫ, బ, భ, మ మొదలగు అక్షరములు లేనిది. నిర్వచనమనగా వచనము లేనిది. మూడు సంకెళ్లు ఒక్కమాఱే తగిలించుకొని నలుని కథ చెప్పుటయన్నమాట. నాయిక పేరు దమయంతి. ఆ పేరున మకారమున్నది గదా! నాయికను ఆమె పేరుతో పిలుచుటకు సైతము వీలులేని కావ్యమది. అట్టి దానిని నిర్వహించుట సామాన్యుల వలన కాదు. పండితులు మెచ్చుకొనుటకు తగినట్టిదే.

ఇక్కడ గమనింపదగిన దొకటి కలదు. ఆయన ఆ మార్గమున ఓడిపోయి దానిని విడువలేదు; గెలిచి విడిచెను. అచట రాయి తగులలేదు. పని చకచక సాగుచుండెను. కాని ఊట ఎవరికి? బాల్యవివాహములతోను, లంచములతోను, మూఢవిశ్వాసములతోను కుములుచున్న జనులకు నిరోష్ఠ్య కావ్యము వలన ఒక చుక్క నీరైనను అందుటలేదు. 1874 అక్టోబరులో, ఇరువదియాఱేండ్ల ప్రాయమున, ఆయన వివేకవర్ధని యను పత్రికను ఆరంభించెను. ఆ యేడే ధవళేశ్వరమున బాలికల పాఠశాల పెట్టించెను. ఇది మొదటి మలుపు.

ఆ మలుపు కూడ ఒక్కనాటితో పూర్తి కాలేదు. పరవస్తు చిన్నయసూరి తన నీతిచంద్రికను మిత్రలాభ మిత్రభేదములతో నిలిపినాడు. ఆ గ్రంథమునకు కొనసాగింపుగా వీరేశలింగము సంధి విగ్రహములను అదే ప్రౌఢశైలిలో రచించెను. పత్రికయందును తొలుత ఆ ప్రౌఢశైలియే కనబడెను. అయితే పత్రిక పండితుల మెప్పు కొఱకు పుట్టినది కాదు. జనులలో వివేకము వర్ధిల్లుటకు పుట్టినది. చదువరికి అర్థము కాని పత్రిక వలన ఏమి వివేకము వర్ధిల్లును? ఈ మాట తనకు తాను చెప్పుకొని ఆయన శైలిని సులభము చేసెను. తాను కష్టపడి నేర్చిన నేర్పును తానే తగ్గించుకొనుట పండితునకు ఎంత కష్టమో పండితులకే తెలియును.

వచనకావ్య రచనయందు ఇట్టిదే జరిగినది. గోల్డుస్మిత్తను ఆంగ్ల రచయిత వ్రాసిన వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డును తెనిగింప ఆరంభించి, కొంత వ్రాసి, అది తెలుగువారికి రుచింపదని గ్రహించి ఆ పనిని విడిచిపెట్టెను. ఆ పుస్తకపు ఛాయను మాత్రము గ్రహించి, గోదావరీ తీరపు మనుష్యులను, వారి ఆచారములను, బంగారము చేసిపెట్టెదనని నమ్మించి మోసగించు బైరాగిని కథలో నిలిపి, రాజశేఖర చరిత్రమును రచించెను. అది 1878లో వివేకవర్ధనిలో వెలువడ నారంభించి, 1880లో పుస్తకమయ్యెను. 1887లో ఆంగ్లమునకు సైతము అనువదింపబడెను. ఆంగ్లము నుండి తెనిగింపబూని విడిచిన పని, తెలుగు నుండి ఆంగ్లమునకు పోదగిన పనిగా ఫలించినది. తెనిగించిన పుటలపై జాలిపడి ఆ పనినే సాగించియున్నచో తెలుగువారికి ఆ గ్రంథము దక్కెడిది కాదు.

రెండవ మలుపు ఇంతకంటె గొప్పది. 1879లో ఆయన వితంతు వివాహములను గుఱించి బహిరంగముగ ఉపన్యసించెను. శాస్త్రజ్ఞులు ఎదురు తిరిగిరి. ఖండనములు వచ్చెను, వానికి ఆయన ప్రతిఖండనములు వ్రాసెను. పరాశరస్మృతిని ఆధారముగ చూపెను. వాదము రసవత్తరముగ సాగుచుండెను. పండితునకు వాదము కంటె ఇంపైన దేమున్నది? కాని శ్లోకార్థమున గెలుపొందినంతమాత్రమున పదియేండ్లకే పసుపు కుంకుమలు కోల్పోయిన బాల ఇంట వెలుగు కలుగదు. మాటల మార్గము వచ్చినంత దూరము వచ్చినది. ఇక చేతల మార్గము పట్టవలెను. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున ఆయన మొదటి వితంతు వివాహమును జరిపించెను. విద్యార్థులు అండగ నిలిచిరి. కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య ధనసహాయము చేసెను.

అప్పుడు రాయి తగిలినది. బంధువులు వెలివేసిరి. వంటవారు దొరకలేదు, నీళ్లు తెచ్చువారు రాలేదు, పురోహితులు గడప త్రొక్కలేదు. ఆయన సహధర్మచారిణి రాజ్యలక్ష్మమ్మ తానే బిందె పట్టుకొని గోదావరి నుండి నీరు మోసికొని వచ్చెను. ఇక్కడ వీరేశలింగము మార్గము మార్చెనా? మార్చలేదు. పొగడ్తలతో సాగుచున్న కావ్యమార్గమును విడిచినవాడు, నిందలతో నిండిన ఈ మార్గమును విడువలేదు. ఏలయన అక్కడ శ్రమ లేదు, ఊటయు లేదు. ఇక్కడ శ్రమ కలదు, ఊటయు కలదు. ఒక్కొక్క వివాహముతో ఒక్కొక్క బాల జీవితము చిగుర్చుచుండెను. నేటి సభ జ్ఞప్తియందుంచుకొనవలసిన భేదము ఇదియే.

మూడవ మలుపు ముదిమియందు వచ్చినది. ఆయన శైలిని సులభము చేసినను అది గ్రాంథికముననే నడచినది. ఆయన వ్యాకరణము వ్రాసినవాడు; ఆంధ్ర కవుల చరిత్రమును కూర్చినవాడు. అట్టి వృద్ధుడు 1919లో, డెబ్బదియొకటవ యేట, వర్తమాన వ్యావహారికాంధ్ర భాషా ప్రవర్తక సమాజమునకు అధ్యక్షుడయ్యెను. గిడుగు రామమూర్తి పంతులు దానికి కార్యదర్శి. జనులు మాటలాడు భాషకు వ్రాతయందు గౌరవము కలుగవలెనని ఆ సమాజము కోరెను. జీవితమంతయు నడచిన బాట ప్రక్కన మఱియొక బాట తెఱవబడుచుండగా, ఆ వృద్ధుడు దారికి అడ్డముగ కూర్చుండలేదు. ముందు నిలిచి దారి చూపెను. ఆ యేడే మే 27న ఆయన చెన్నపట్టణమున కన్నుమూసెను. మార్గము మార్చుకొనుటకు వయస్సు మీఱినదను వారికి ఇంతకంటె సమాధానము లేదు.

ఈ చరిత్ర నుండి మూడు ప్రశ్నలు గ్రహింపవచ్చును. మార్గము మార్చదలచినవాడు వీనిని తనకు తాను వేసికొనవలెను.

మొదటిది: ఈ పని ఎవరికొఱకు ఆరంభింపబడినది? అది వారిని చేరుచున్నదా? పని బాగుగ సాగుచున్నదా యని అడిగిన చాలదు. నిరోష్ఠ్య కావ్యము బాగుగనే సాగినది.

రెండవది: విడువదలచుటకు కారణము శ్రమయా, నిష్ఫలతయా? దీనికి ఉత్తరము చెప్పునప్పుడు మనస్సు మోసము చేయును. అలసినవాడు అలసితినని చెప్పక, ఇది నిష్ఫలమని చెప్పును. అభిమానము గలవాడు నిష్ఫలమని ఒప్పుకొనక, ఇంకను శ్రమపడవలెనని చెప్పును. కావున అలసట తీరిన పిదప, ఇతరులు పొగడుచున్నప్పుడు గాని తిట్టుచున్నప్పుడు గాని కాక, ఏకాంతమున లెక్క చూచుకొనవలెను. సంవత్సరాంతమున లెక్కలు కట్టువాడు ఇష్టమైన పద్దును పెంచడు, కష్టమైన పద్దును దాచడు. మనస్సు లెక్క కూడ అట్లే కట్టవలెను.

మూడవది: పాత మార్గమున ఆర్జించినదానిలో క్రొత్త మార్గమునకు ఏది పనికివచ్చును? మార్గము మార్చుటయనగా వెనుకటిదంతయు పాఱవేయుట కాదు. వీరేశలింగమునకు పండితుడుగా పొందిన శాస్త్రపరిచయమే వితంతు వివాహ వాదమున ఆయుధమైనది. కావ్యములతో కలిగిన పరిచయమే కవుల చరిత్రకు పెట్టుబడి యైనది. నీరు పడని నూతి నుండి తీసిన మట్టి సైతము చేని గట్టునకు పనికివచ్చును. నిన్నటి శ్రమ వ్యర్థమగునను భయముతో నిలిచిపోవు వారికి ఇది ఊఱట కలిగింపవలెను.

ఈ ప్రశ్నలు మహాపురుషులకు మాత్రమే చెందినవి కావు. కుమారుని అభిరుచి ఒకవైపు ఉండగా, తాను కోరిన చదువే చదువుమని ఏటేట పరీక్ష రుసుము కట్టు తండ్రికి చెందును. నాలుగేండ్లు వరుసగ నష్టమిచ్చిన పైరును, తాతలనాటి పైరను మమతతో అప్పు చేసి మరల వేయు రైతునకు చెందును. తిరిగి చూచినచో రెండడుగులలో సర్దుకొనదగిన అన్నదమ్ముల తగవును, ఇంత దూరము వచ్చిన పిదప తగ్గుటెట్లని న్యాయస్థానముల చుట్టు త్రిప్పి, గట్టు కొఱకు చేనినే అమ్ముకొనువారికి మిక్కిలిగ చెందును. మఱియు, మొదటి యేడు పంట తగ్గెనని, తొలి పరీక్ష తప్పెనని, వెంటనే దారి మార్చువారికి కూడ చెందును. వారికి వచ్చు ఉత్తరము మాత్రము వేఱు.

తుదకు గ్రంథాలయమునకు వత్తము. తెలుగునాట గ్రంథాలయోద్యమము గొప్పది. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. 1914లో బెజవాడయందు ఆంధ్రదేశపు గ్రంథాలయముల ప్రతినిధులు సమావేశమైరి. అయ్యంకి వెంకటరమణయ్య మొదలగువారు ఆ ఉద్యమమునకు జీవితములు ధారవోసిరి. భవనములు లేచినవి, బీరువాలు నిండినవి. అయినను పొలములయందు పగలంతయు పాటుపడువాడు, ఇల్లు విడువలేని స్త్రీ, ఆ భవనముల మెట్లు ఎక్కలేదు. పాఠకులు రాకపోవుట వారి దోషమని నిందించి ఊరకుండుట సులభము. పాతూరి నాగభూషణము మొదలగు కార్యకర్తలు అట్లు చేయలేదు. 1935లో పెదవడ్లపూడి ప్రాంతమున వారు పుస్తకములను పడవకెక్కించిరి. కృష్ణా కాలువ వెంట ఆ పడవ గ్రంథాలయము ఊరూరి రేవున ఆగి, చదివిన పుస్తకములను తీసికొని, క్రొత్త పుస్తకములను ఇచ్చుచు సాగెను. పంట నీటికై త్రవ్విన కాలువలో అక్షరములు ప్రవహించెను. గమ్యము మాఱలేదు, పుస్తకము మనుజుని చేరుటయే గమ్యము. మాఱినది మార్గము. పాఠకుడు గ్రంథాలయమునకు రాలేనిచో గ్రంథాలయమే పాఠకుని కడకు పోయినది.

ఇరువది యైదేండ్ల పండుగనాడు ఈ సంస్థ చందాదారులును, కార్యవర్గమును ఇదే లెక్క చూచుకొందురుగాక. ఎన్ని పుస్తకములున్నవని కాదు. ఎన్ని పుస్తకముల అంచులు చదువరుల వ్రేళ్లకు నలిగినవని చూడవలెను. ఏ పుస్తకము బీరువాలో అట్టే క్రొత్తగ నిలిచిపోయినదో, ఏ వీథివారు ఈ గడప ఇంతవరకు త్రొక్కలేదో విచారింపవలెను. ధనము చాలకుండుట, సహాయకులు తగ్గుట, ఇవి రాళ్లు. వీనిని చూచి పని విడువరాదు, పగులగొట్టవలెను. పుస్తకము మనుజుని చేరకుండుట మాత్రము ఊట లేకుండుట. అది కనబడినచోట, ఎంత ప్రేమతో పెట్టుకొన్న పద్ధతినైనను మార్చుకొనవలెను. మార్చుట వలన ఈ సంస్థను స్థాపించిన పెద్దల మాట తప్పినట్లు కాదు. వారు నుయ్యి త్రవ్వ నారంభించినది గోతి కొఱకు కాదు, గ్రామమునకు నీటి కొఱకు.

స్వస్తి.